యూనిట్ల యాస్మీన్

జగిత్యాలలో హరీశ్ నడిపే డిజైన్ ఆఫీసులో ఆమెను ఎదురుగా మేడం అంటారు, వెనకాల యూనిట్ల యాస్మీన్ అంటారు. ఆ సంగతి యాస్మీన్‌కు తెలుసు. తెలిసినా పట్టించుకోదు. ఆమె నెత్తిన అంతకంటే పెద్ద తలనొప్పులు చాలా ఉన్నాయి.

ఆ ఆఫీసు చేసే పని చెప్పుకోవడానికి తేలికే. ఎవరైనా ఇనుప షెడ్డో, నీళ్ల ట్యాంకు కింద స్టాండో కట్టుకోవాలనుకుంటే, దాన్ని ముందు కంప్యూటర్లో కట్టి, దానిమీద బరువులు పెట్టి, గాలి తోలించి, నిలబడుతుందో కూలబడుతుందో చూసి చెప్పాలి. చూసేవాళ్లు ఆ సాఫ్ట్‌వేర్‌కు అన్నీ తెలుసనుకుంటారు. దానికి ఒక్క ముక్క తెలియదు. ఐదు అని కొడితే ఐదు మీటర్లా, ఐదు మిల్లీమీటర్లా అని అడగదు. పొడవులు మిల్లీమీటర్లలో మొదలుపెట్టామా, ఇక బలాలు న్యూటన్లలో, ఇనుము సాంద్రత టన్నుల లెక్కలో, అన్నీ ఒకదానితో ఒకటి పొసగేట్టు చివరిదాకా మనమే నడిపించుకు రావాలి. గిర్నిలో జొన్నలు పోస్తే జొన్నపిండి వస్తుంది, రాళ్లు పోస్తే రాతిపిండి వస్తుంది. మెత్తగానే పడుతోంది కదా అని రాతిపిండితో రొట్టె చేసుకుంటే పళ్లు ఎవరివి రాలాలి?

ఈ మాట ఆమె ఆఫీసులో చెప్పని రోజు లేదు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. పక్క కుర్చీ సునీల్ ఒకసారి బర్రెల కొట్టానికి రేకుల షెడ్డు గీశాడు. పొడవులన్నీ మిల్లీమీటర్లలో ఇచ్చి, ఇనుము సాంద్రత మాత్రం మీటర్ల లెక్కది పాత ఫైలులోంచి తెచ్చి అతికించాడు. ఆ షెడ్డు బరువు ఎంతొచ్చిందంటే, జిల్లాలో ఉన్న గుట్టలన్నీ తెచ్చి తక్కెడలో వేసినా తూగవు. మోయలేనంత బరువు పడిందని బొమ్మంతా ఎర్రగా మండిపోతుంటే అతను తాపీగా పైపులు పెద్దవి చేసుకుంటూ కూర్చున్నాడు. పైపులు పెద్దవైన కొద్దీ షెడ్డు ఇంకా బరువెక్కింది, ఇంకా మండింది. యాస్మీన్ వెనక నిలబడి చూసి, బర్రెల కోసం కడుతున్నావా, భూగోళాన్ని మోయడానికి కడుతున్నావా అని అడిగితే, అతను చెప్పిన సమాధానం ఒక్కటే.

"ఎర్రర్ రాలే గద మేడం."

ఆ మాట వింటే ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. దొంగ వచ్చి ఇల్లు దోచుకుపోతుంటే కుక్క మొరగలేదు కదా అని పడుకునే రకం ఇది. హరీశ్ కూడా తక్కువేమీ తినలేదు. క్లయింటుతో ఫోన్లో మాట్లాడుతూ చేతికి దొరికిన కాగితం మీద ఇరవై, నలభై, ఆరు అని రాసి ఆమె బల్ల మీద పడేసి పోతాడు. ఇరవై ఏమిటి సార్, అడుగులా, మీటర్లా అని వెంటపడితే, అంత చిన్న షెడ్డుకు మీటర్లు ఎట్లుంటయి, అర్థం చేసుకోవాలె గదా అని ఆమెనే విసుక్కుంటాడు. అర్థం చేసుకోవడం అనే మాట ఆమెకు నచ్చదు. లోకంలో కూలిన షెడ్లన్నీ ఎవరో ఏదో అర్థం చేసుకున్నవే అంటుంది.

ఇంట్లోనూ అదే వరస. కోరుట్లలో వాళ్లమ్మ గుల్షన్ బీ వంటింట్లోంచి రెండు బియ్యం పొయ్యి అని కేకేస్తే, రెండు ఏమిటని ఈమె అడుగుతుంది. గిన్నెలా, గ్లాసులా? నీతో వంట చేయించుకునే కంటే పస్తుండడం నయమని ఆ తల్లి వచ్చి తనే పోసుకుంటుంది. పెళ్లిచూపులకు వచ్చినవాళ్లు పిల్లవాడు దుబాయిలో పన్నెండు సంపాదిస్తాడని గొప్పగా చెబితే, పన్నెండు వందల దిర్హాములా, పన్నెండు వేల దిర్హాములా, నెలకా, ఏడాదికా అని నలుగురి ముందూ అడిగేసింది. ఆ సంబంధం తప్పిపోయింది. గుల్షన్ బీ ఇప్పటికీ ఆ సంగతి తలుచుకుని నుదురు కొట్టుకుంటుంది.

ఇంత పట్టింపు మనిషి ఎక్కడినుంచి వచ్చిందయ్యా అంటే, పట్టింపు అనేది మచ్చుకైనా లేని చోటి నుంచే వచ్చింది. తండ్రి లతీఫుద్దీన్‌కు కోరుట్లలో వెల్డింగు షాపు. గల్ఫ్ నుంచి తిరిగొచ్చినవాళ్లు కట్టుకున్న ఇళ్ల ముందు నిలబడ్డ పెద్ద పెద్ద గేట్లలో సగం ఆయన చేతివే. ఆ షాపులో పొడవు అడుగుల్లో, పైపు ఇంచుల్లో, రాడ్డు ఇంచులో ఎనిమిదో వంతయిన సూతుల్లో, ప్లేటు మిల్లీమీటర్లలో, రేకూ పైపుల గోడమందమూ గేజుల్లో నడుస్తాయి. ఆ గేజి మరీ విడ్డూరం, అంకె పెరిగే కొద్దీ రేకు పలచనవుతుంది. ఒక్క గేటులో ఇన్ని కొలతలు కాపురం చేస్తున్నా ఎవరూ వాటి పేర్లు పలకరు. పదహారు తే, మూడు కొయ్యి అంటే చాలు, ఏది దేనికో అక్కడివాళ్లకు తెలిసిపోతుంది. యాస్మీన్ చిన్నప్పుడు ఆ షాపులో టేపు కొస పట్టుకుని పెరిగింది. జగిత్యాలలో ఇంజనీరింగు చదివాక ఆ మాటతీరు ఆమె నోటి నుంచి పోయింది. మిల్లీమీటర్లు వచ్చి కూర్చున్నాయి.

ఈ వేసవిలో లతీఫుద్దీన్‌కు సిరిసిల్లలో ఒక పని తగిలింది. రామస్వామి అనే ఆసామికి అక్కడ సాంచాల కార్ఖానా ఉంది. మరమగ్గాలను ఆ ఊళ్లో సాంచాలు అంటారు. నూలు చుట్టిన లావుపాటి భీములు కింద దొర్లుతూ కాళ్లకు అడ్డం పడుతున్నాయని, వాటిని పేర్చుకోవడానికి లోపల ఒక ఇనుప అటక కట్టమన్నాడు. అటక కింద ఖాళీ పోనివ్వడం దేనికని కండెలు చుట్టే ఆడవాళ్లను అక్కడ కూర్చోబెడతానన్నాడు. నెత్తిమీద అంత బరువు ఉంటుంది కాబట్టి ఎవరైనా ఇంజనీరు లెక్క చూస్తే బాగుండునని కూడా అన్నాడు. ఇంకెవరో ఎందుకు, నా బిడ్డ చూస్తుందని లతీఫుద్దీన్ అక్కడికక్కడే మాటిచ్చి వచ్చాడు.

ఆ రాత్రి అన్నం తింటూ ఆయన కొలతలు చెప్పాడు. యాస్మీన్ రాసుకుంది. ఒక భీము బరువెంత అంటే చాలా ఉంటుందన్నాడు. చాలా అనే యూనిటు తన సాఫ్ట్‌వేర్‌లో లేదని చెప్పి, రామస్వామి చేత ఒక భీమును కాంటా మీద పెట్టించేదాకా ఆమె ఊరుకోలేదు. అటక పొడవు, ఎత్తు, మధ్య దూరం, అన్నీ అడిగి అడిగి తండ్రి ప్రాణం తీసింది. స్తంభాలూ, అడ్డ పైపులూ ఏం వాడుతున్నావంటే ఆరు ఇంచుల స్క్వేర్ పైపు, పది అన్నాడు. ఆరు ఇంచులను ఆమె నూట యాభై మిల్లీమీటర్లు చేసింది. గోడమందం దగ్గర పది కొట్టింది. బరువులన్నీ పెట్టి చూస్తే బొమ్మంతా పచ్చగా వచ్చింది. పైపులు వాటి బలంలో సగం కూడా వాడుకోవడం లేదు. మొత్తం బరువు చేత్తో లెక్కేసి సరిచూసుకుంది, సరిపోయింది. రిపోర్టులో పది మిల్లీమీటర్లు అని పూర్తిగా రాసింది కూడా. లతీఫుద్దీన్ ఆ ఇంగ్లిష్ రిపోర్టు చదవలేదు. పచ్చ బొమ్మను మాత్రం ఫోన్లో పెట్టుకుని కోరుట్ల బజారంతా చూపించుకున్నాడు.

జుమ్మా రోజు మధ్యాహ్నం ఆఫీసులో ఉండగా తండ్రి ఫోను చేశాడు. అటక నిలబెట్టేశామని, రామస్వామి మంచి సంబరంగా ఉన్నాడని, నమాజు నుంచి తిరిగి రాగానే భీములు పైకెక్కిస్తామని చెప్పాడు. ఆమె స్తంభాలు ఎత్తడానికి క్రేను మాట్లాడుకోమని ముందే చెప్పి ఉంది. దాని మీద కాస్త ఎగతాళి కూడా చేశాడు. క్రేనూ లేదు గీనూ లేదు, షాపులో ఇద్దరు కుర్రాళ్లు ఒక్కో స్తంభాన్ని చెరో కొస పట్టుకుని భుజాన వేసుకుని లోపలికి నడిచారన్నాడు. ఆమె నవ్వింది. నమాజుకు టైమయిందని ఆయన పెట్టేశాడు.

ఫోను బల్ల మీద పెట్టాక ఆమె నవ్వు మెల్లగా ఆరిపోయింది. మోడల్లో ఒక్కో స్తంభం రెండు వందల కిలోలుంది. దాన్ని ఇద్దరు భుజాన వేసుకుని నడవలేరు. ఆమె ఫైలు తెరిచింది. పొడవులు చూసింది, బలాలు చూసింది, సాంద్రత చూసింది. ఒక్క తప్పు లేదు. గోడమందం పది అని ఉంది. పది మిల్లీమీటర్లు. ఆ అంకెను చూస్తూ చూస్తూ ఉండగా ఆమెకు షాపు గుర్తొచ్చింది. పైపు గోడమందాన్ని లతీఫుద్దీన్ షాపులో ఏనాడూ మిల్లీమీటర్లలో అనుకోలేదు. పది గేజి అంటే మూడు మిల్లీమీటర్ల చిల్లర. అది పెట్టి మళ్లీ నడిపిస్తే అడ్డ పైపులు తమ బలానికి ఒకటిన్నర రెట్లు మోస్తున్నట్టు వచ్చింది. బొమ్మ ఎర్రగా మండింది. ఆ ఎరుపు కింద, ఇంకొంచెంసేపట్లో, కండెలు చుట్టే ఆడవాళ్లు కూర్చుంటారు.

తండ్రికి ఫోను చేసింది. స్విచ్చాఫ్ అని వచ్చింది. మసీదులో ఫోను మూసేసి జేబులో వేసుకుంటాడు, నమాజయ్యాక తెరవడం మరిచిపోతాడు. తల్లికి చేస్తే, రామస్వామి నంబరు నాకెలా తెలుస్తుంది, ఆ సంగతులు మీ అబ్బాకే తెలుసు అంది. సిరిసిల్ల పోవాలని హరీశ్‌కు చెబితే ఆయన తల కూడా ఎత్తకుండా, మోడల్లో ఏమైనా ఎర్రర్ ఉందా అని అడిగాడు. మోడల్ శుభ్రంగా ఉంది సార్ అని చెప్పి బ్యాగు తీసుకుని బయటపడింది. ఆ మాట చెబుతుంటే ఆమెకు ఏడుపొచ్చింది.

వేములవాడ మీదుగా పోయే బస్సు దొరికింది. ఆడవాళ్లకు టికెట్టు లేకపోవడంతో నిలబడడానికీ చోటు లేదు. ఒకామె కోడిపుంజును సంచిలో పెట్టుకుని ఈమె కాళ్ల మీద ఆనించింది. బస్సు చెయ్యెత్తిన ప్రతి మనిషి దగ్గరా ఆగింది, ఎత్తని మనిషి దగ్గర కూడా ఆగింది. కండక్టరు ఆధార్ కార్డు చూపించమని ఒకసారి అడిగి, చూసి, మళ్లీ వచ్చి అడిగాడు. ఆమె ప్రతి స్టేజీ దగ్గరా తండ్రికి ఫోను చేసింది. ప్రతిసారీ ఒక ఆడగొంతు, మీరు కాల్ చేస్తున్న కస్టమరు అంటూ మొదలుపెట్టింది.

దారి పొడవునా ఆమె తండ్రిని మనసులో తిట్టింది. ఒక్క మాట, గేజి అనే ఒక్క మాట నోటి నుంచి జారితే ఏం పోయేది? లోకమంతా ఇంతే. అంకె విసిరేసి పోతారు, ఏరుకునేవాళ్లు చావాలి. హరీశ్‌నూ సునీల్‌నూ కలిపి తిట్టింది. దుబాయి పెళ్లికొడుకును కూడా వదల్లేదు. వేములవాడ దాటాక తిట్టడానికి ఇక ఎవరూ మిగల్లేదు. అప్పుడు ఆ రాత్రి గుర్తొచ్చింది. పది అని ఆయన అన్నప్పుడు ఆమె నోరు తెరిచింది. పది ఏమిటని అడగబోయింది. అడగలేదు.

ఎందుకు అడగలేదో ఆమెకు బాగా తెలుసు. కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో, షాపులో గిరాకీల ముందు తండ్రి ఏదో కొలత చెబితే ఆమె అలాగే అడిగింది. ఏమిటది, ఇంచులా, మిల్లీమీటర్లా, సరిగ్గా చెప్పు అంది. గిరాకీలు నవ్వారు. నీ బిడ్డ దగ్గర మళ్లీ బడికి పో భాయ్ అన్నారు. ఆయన మొహం మాడ్చుకుని టేపు చుట్టేశాడు. ఆ తర్వాత చాలా కాలం ఇంట్లో షాపు ఊసే ఎత్తలేదు. ఏం పని నడుస్తోందని అడిగితే ఏదో నడుస్తోందనేవాడు. మళ్లీ ఇన్నాళ్లకు తనంతట తాను వచ్చి, పళ్లెం ముందు కూర్చుని, నా పనికి నువ్వు లెక్క కట్టు అన్నాడు. రామస్వామికి సంబంధించిన ప్రశ్నలన్నీ ఆమె అడిగింది. ఆయన చేతిలోని పనికి సంబంధించిన ఒక్క ప్రశ్న దగ్గర ఆమె నోరు మూసుకుపోయింది. దీపం కింద చీకటి అంటే ఇదే కాబోలు.

సిరిసిల్లలో దిగి ఆటో ఎక్కి కార్ఖానాకు చేరేసరికి లోపల సాంచాలన్నీ నడుస్తున్నాయి. ఆ మోతలో మనిషి గొంతు మనిషికి వినపడదు. అటక మీద అప్పటికే కొన్ని భీములు ఎక్కేశాయి. ఇంకొకటి గొలుసుకు వేలాడుతూ పైకి లేస్తోంది. నడిమి అడ్డ పైపు కిందికి ఉబ్బి ఉంది. తెలిసినవాళ్ల కంటికే తెలిసేంత ఉబ్బు. దాని కింద నలుగురు ఆడవాళ్లు కండెలు చుట్టుకుంటున్నారు. యాస్మీన్ అరిచింది. ఎవరూ తల తిప్పలేదు. ఇక లాభం లేదని నేరుగా లోపలికి పోయి, అందరికంటే ముందు కూర్చున్న దేవవ్వ అనే ఆమె రెక్క పట్టుకుని బయటికి లాగింది. దారం తెగి కండె దొర్లిపోయింది. దేవవ్వ ఆ పిల్ల ఎవరో తెలియక నోటికొచ్చినట్టు తిట్టింది. ఆ గొడవ చూసి మిగతా ముగ్గురూ లేచొచ్చారు. ఆమెకు కావలసిందీ అదే.

రామస్వామి మెయిను ఆపించాడు. మోత ఆగిపోయాక ఆ నిశ్శబ్దం చెవుల్లో గుయ్యిమంది. గొలుసు దగ్గరి నుంచి లతీఫుద్దీన్ వచ్చాడు. నెత్తిన నమాజు టోపీ ఇంకా అలాగే ఉంది. యాస్మీన్ ఆయన దగ్గరికి పోయి, ఎవరికీ వినపడకుండా, ఇంట్లో మాట్లాడుకునే ఉర్దూలో చెప్పింది. నువ్వు చెప్పిన పది గేజి అని, నేను వేసుకున్న పది మిల్లీమీటర్లని, లెక్క తప్పిందని, భీములు దించేయమని. బయటివాళ్లకు ఏదో ఒకటి చెబుదామని కూడా అంది. తండ్రి మొహం మాడడం ఆమె ఇంకోసారి చూడదలుచుకోలేదు.

లతీఫుద్దీన్ తలెత్తి ఆ ఉబ్బిన పైపు వైపు చూశాడు. ఏమైంది భాయ్, నీ బిడ్డ లెక్క కట్టిందంటివి గదా అని రామస్వామి అప్పటికే గొణుగుతున్నాడు. కొత్త అటక, ఎక్కించిన భీములు, ఆగిపోయిన సాంచాలు, ఆయన విసుగు ఆయనది. ఒక్క మాటతో ఆ తప్పు కూతురి నెత్తిన పడిపోయేది. చదువుకున్న పిల్ల, కంప్యూటరు లెక్క, పొరపాటు పడిందంటే అందరూ నమ్మేవాళ్లే. యాస్మీన్ తనే ఆ మాట అనబోయింది. తండ్రి ఆమెను చేత్తో వారించి, ఉర్దూ విడిచిపెట్టి, దేవవ్వకు కూడా వినపడేట్టు తెలుగులో మాట్లాడాడు.

"ఆసామీ, లెక్క తప్పు గాదు. పది గేజి పైపు అని నేను చెప్పాల్సుండె. ఉత్త పది అని చెప్పి ఊకున్న. ఆమె పది మిల్లీమీటర్లు అనుకున్నది. గీ పైపుకు గీ బరువు ఆగది. భీములు దించుర్రి. కింద ఇంకో వరుస స్తంభాలు పెట్టేదాక ఎవ్వలు దీని కిందికి రావద్దు."

రామస్వామి కోపంగానే తల ఊపాడు. గొలుసును లతీఫుద్దీనే పట్టుకున్నాడు, ఇంకెవరినీ ముట్టుకోనివ్వలేదు. ఒక్కో భీమూ దిగుతుంటే పైపు ఉబ్బు కొద్దికొద్దిగా తగ్గింది, పూర్తిగా మాత్రం పోలేదు. ఆడవాళ్లు గోడ పక్కన నిలబడి చూశారు. దేవవ్వ తిట్టడం ఆపేసింది.

అంతా దించాక ఆయన చేతులు తుడుచుకుంటూ కూతురి దగ్గరికి వచ్చాడు. అప్పుడు కూడా తెలుగులోనే అడిగాడు, అందరూ వింటుండగానే.

"చాయ పోసేటోన్ని సుత ఏందీ ఎంత అని సతాయిస్తవు. నన్నెందుకు అడగలే బిడ్డా?"

ఇక దాచడానికి ఏమీ లేదనిపించి ఆమె కూడా తెలుగులోనే చెప్పింది.

"అడిగితే నిన్ను నమ్మనట్టు అయితదనుకున్న అబ్బా."

లతీఫుద్దీన్ గోడ పక్కన నిలబడ్డ ఆడవాళ్ల వైపు ఒకసారి చూసి, మళ్లీ ఆమె వైపు తిరిగాడు.

"నమ్మకుంటే నమ్మకు," అన్నాడు. "గాని అడుగు."